కుటుంబ పఠనమునకు క్రైస్తవ గ్రంథములు: పీణ్య తెలుగు గృహములను దృష్టియందుంచుకొని ఒక పరామర్శ

"మా యింట పిల్లలకు చదివి వినిపింపదగిన మంచి క్రైస్తవ పుస్తకములేవి?" అని పీణ్యలోని తెలుగువారు పలువురు నన్నడిగియున్నారు. ఒక జాబితా వ్రాసియిచ్చిన సమస్య తీరుననియే నేనును మొదట తలచితిని. వ్రాయబూనినపుడు కాని కష్టము తెలియలేదు. 'మంచి' యనగా నేమి, 'క్రైస్తవ గ్రంథ' మనగా నేమి, చదువవలసినది ఎట్టి యింట అను మూడు ప్రశ్నలు ఎదుట నిలిచినవి. ఆ ప్రశ్నలకు ఉత్తరము లేనిదే జాబితా నిష్ప్రయోజనము. అందుచేత ఈ వ్యాసమునందు జాబితాను విడిచి, ఏరుకొనుటకు గల న్యాయమును విచారించుచున్నాను.

ముందుగా ఇంటి సంగతి. బెంగుళూరు నగరమునకు వాయవ్య దిశను తుమకూరు రహదారి ననుసరించియున్న పీణ్య, 1970ల చివరి సంవత్సరములనుండి పారిశ్రామికవాడగా పెరిగినది. పెద్ద కర్మాగారములకు విడిభాగములు చేసియిచ్చు చిన్న చిన్న షెడ్లు, లేత్ యంత్రములు, పెయింటు షాపులు, గార్మెంట్సు ఫ్యాక్టరీలు ఇచట క్రిక్కిరిసియున్నవి. 2014లో మెట్రోరైలు పీణ్య ఇండస్ట్రీ వరకు వచ్చుటతో నగరము దగ్గరైనది గాని, షిఫ్టులు మారలేదు. తండ్రి రెండవ షిఫ్టు ముగించుకొని యిల్లు చేరునప్పటికి పిల్లలు నిద్రించియుందురు. తల్లి గార్మెంట్సునుండి వచ్చి వంట చేయవలెను. పిల్లలు బడిలో కన్నడమును ఇంగ్లీషును నేర్చుచున్నారు. తెలుగు వారికి ఇంటిమాట, ఆదివారమున ఆరాధనలో వినబడు మాట. అక్షరము మాత్రము రాదు. ఊరినుండి నాయనమ్మయో అమ్మమ్మయో వచ్చియున్న దినములలో ఆమెయే చదువరి. తక్కిన దినములలో తల్లి చదువును.

ఇట్టి యింట పుస్తకము కంటికి చెందినది కాదు, చెవికి చెందినది. ఒకరు చదువగా నలుగురు విందురు. కావున మొదటి పరీక్ష శ్రవణపరీక్ష యని నా నిశ్చయము. ఏ పుస్తకమునైనను కొనకముందు ఒక పుట బిగ్గరగా చదివి చూడవలెను. నోరు తడబడిన చోట భాష చెడియున్నది. గొంతు సిగ్గుపడిన చోట భావము చెడియున్నది. ఉదాహరణకు, ప్రక్కవాటాలోని కన్నడ గృహిణి దేవుని పటమునకు దీపము పెట్టి, మన పిల్లలకు ప్రసాదము తెచ్చియిచ్చు సాయంకాలమున, ఆమె మతమును ఎగతాళి చేయు వాక్యమును తలుపు తెరచియుండగా బిగ్గరగా చదువగలమా? చదువలేమన్నచో ఆ వాక్యము తలుపు మూసియున్నప్పుడును పిల్లలకు తగినది కాదు. పందొమ్మిదవ శతాబ్దపు ఖండనగ్రంథములు వాఙ్మయచరిత్రకారునకు అమూల్యములు. వాని స్థానము గ్రంథాలయము. రాత్రి భోజనానంతరము పిల్లల మధ్య వానికి చోటు లేదు.

చెవికొరకు వ్రాయుట తెలుగు క్రైస్తవ వాఙ్మయమునకు క్రొత్త కాదు. మొదటినుండియు రెండు పాయలు కలవు. బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్దమున మద్రాసులో వినిన తెలుగును పట్టుకొనిపోయి జర్మనీలోని హాలే నగరమున 1746, 1747 ప్రాంతమున పుస్తకములుగా అచ్చువేయించెను. తెలుగున తొలి అచ్చుపుస్తకములు అవియే. వానిలోనిది పండితుల తెలుగు కాదు, విదేశీయుని చెవికి అందిన వ్యవహారపు తెలుగు. అదే శతాబ్దమున మంగళగిరి ఆనందకవి వేదాంత రసాయనమను పేర క్రీస్తుకథను ప్రబంధముగా కూర్చెను. ఒకటి వీధిభాష, ఒకటి సభాభాష. విశాఖపట్టణమున డిగ్రాంజెసు, ఆయనకు తోడైన ఆనందరాయరు సిద్ధపరచిన మూడు సువార్తలు 1812లో సీరాంపూరున ముద్రితములైనవి. సంపూర్ణ బైబిలు 1854లో వెలువడినది. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు ఈ రెండు పాయలకును నడుమ దారి కనుగొన్నవి. ఆ కీర్తనలలో సంస్కృతపదములు దట్టముగనే యున్నవి. అయినను తాళమునకు కుదిరినందున అక్షరము రానివారికిని కంఠస్థములైనవి. కఠినమైన మాట తనంతట చెవికి శత్రువు కాదని, లయలేని మాటయే శత్రువని చౌదరిగారి కీర్తనలవలన తెలియుచున్నది. ఇంగ్లీషు వాక్యమును మాటకు మాటగా తిప్పిన నేటి అనువాదములలో అనేకము సులభపదములతోనే యున్నను వినశక్యములు కాకపోవుటకు కారణము ఇదియే.

ఇక 'మంచి' యను మాట. దీనివలన జరిగిన మేలు కొంత, కీడు కొంత. పిల్లలకు మేలుచేయు పుస్తకమని పెద్దలు నిర్ణయించిన గ్రంథముల చరిత్రను తిరుగవేసినచో గగుర్పాటు కలుగును. 1671లో ఇంగ్లండున జేమ్సు జేన్వే ప్రకటించిన బాలగ్రంథము భక్తులైన పసిపిల్లల మరణశయ్యల వర్ణన. అది తరతరములుగా సద్గ్రంథముగా చెల్లినది. మేరీ మార్తా షెర్వుడ్ 1818లో వ్రాసిన ఫెయిర్‌చైల్డు కుటుంబకథలో, తోబుట్టువులు పోట్లాడుకొనిరని తండ్రి వారిని ఉరికొయ్యకు వ్రేలాడుచున్న శవము కడకు తీసికొనిపోయి చూపి, అన్నదమ్ముల ద్వేషము ఎందుకు దారితీయునో బోధించును. తరువాతి కొన్ని ముద్రణలలో ఈ ఘట్టమును తొలగించిరి. తొలగించినవారికి భక్తి తగ్గినదని ఎవరును అనలేదు. భయపెట్టుట బోధించుట కాదని వారు గ్రహించిరి, అంతే.

ఈ షెర్వుడ్ మనకు మరియొక విధముగ సన్నిహితురాలు. ఆమె 1805 మొదలు పదేండ్లు భారతదేశమున నివసించినది. 1814లో వెలువడిన ఆమె 'లిటిల్ హెన్రీ' కథ ఇచటి వస్తువు. తల్లిదండ్రులు లేని ఆంగ్లశిశువును బూసీ యను బేరరు ఎత్తి పెంచును. బాలుడు ఒక యువతివలన బైబిలు నేర్చి, బూసీకి బోధించి, బాల్యముననే మరణించును. ఈ కథను దయారస ప్రధానమైనదిగా లోకము మెచ్చినది. కాని చదువుచుండగా నాకొక సందేహము కలిగినది. ఈ కథలో ప్రేమించినవాడెవడు? రాత్రులు మేల్కొని బిడ్డను మోసినవాడు బూసీ. సువార్త చెప్పు ప్రేమకు అతని బ్రతుకే సాక్ష్యము. రచయిత్రి మాత్రము అతనిని కేవలము బోధితునిగా చూచినది. జీతమునకు పరుల బిడ్డలను పెంచు స్త్రీలు పీణ్యలోను ఉన్నారు. అట్టి యిల్లాలు ఈ కథను విన్నచో బూసీ ప్రక్కన నిలువదా? ఇది చదువదగని పుస్తకమని నేననను. ఈ ప్రశ్న వేయగల తల్లి దగ్గరనుండగా చదువవలెను, పిల్లవానికి ఒంటిగా ఈయరాదు.

అనువాదములలో మన యిండ్లకు ఎక్కువగా పరిచయమైనది జాన్ బన్యను రచించిన యాత్రికుని ప్రయాణము. ఇందు మొదటి భాగము 1678లోను, రెండవ భాగము 1684లోను వెలువడినవి. మనలో అనేకులు మొదటి భాగముతో పుస్తకము ముగిసినదనుకొందురు. ఆ భాగమున కథానాయకుడు భార్యాబిడ్డలు వెనుకనుండి పిలుచుచుండగా చెవులలో వ్రేళ్ళు పెట్టుకొని పరుగెత్తిపోవును. కుటుంబమునకు చదివి వినిపించుటకు ఇంతకంటె చిత్రమైన ప్రారంభమేమున్నది? ఒక యింట ఈ ఘట్టము చదువుచుండగా ఆరేండ్ల బాలిక, "అప్పుడు వాళ్ళకు అన్నమెవరు పెట్టినారు?" అని యడిగినది. చదువుచున్న పెద్దమ్మ పుస్తకము మూసి నవ్వినది. ఉత్తరము ఆమెకు దొరకలేదు. బన్యనుకు ఈ ప్రశ్న తోచకపోలేదు. రెండవ భాగము సమస్తమును దీనికి ఉత్తరమే. అందు క్రిస్టియానా నలుగురు కుమారులను వెంటబెట్టుకొని, పొరుగు పడుచు మెర్సీ తోడురాగా, అదే దారిని బయలుదేరును. ఈ యాత్రలో ఒంటరి వీరత్వము లేదు. పెద్దకుమారుడు గోడమీదుగా వ్రేలాడు పండ్లు తిని కడుపునొప్పితో పడుకొనును. అతనికి వైద్యుడు మందు కలుపును. ఊతకఱ్ఱలతో నడచువాడొకడు, పిరికివాడొకడు, నిరాశచెందిన తండ్రి, జడుపుగల కుమార్తె వీరందరును దారిలో చేరుదురు. నాయకుడు వారి నడకకు తన నడక తగ్గించును.

పీణ్యవారికి ఈ రెండు భాగముల కథయు పుస్తకములోనిది కాదు. తండ్రి మొదట ఒంటరిగా ఊరు విడిచి వచ్చి గదిలో నలుగురితో కలసి యుండి టర్నరుగానో ఫిట్టరుగానో కుదురుకొనును. రెండు మూడేండ్లకు భార్యాబిడ్డలు సామానుతో బస్సు దిగుదురు. మొదటి భాగము తండ్రిది, రెండవ భాగము తల్లిది. సాహిత్యదృష్టితో మొదటిభాగమే గట్టిదని విమర్శకులందురు. అది నిజమే. గట్టి పుస్తకము వేరు, ఇంటికి పనికివచ్చు పుస్తకము వేరు. కుటుంబపఠనమున రెండవ భాగమునకే నేను ఓటు వేయుదును. ప్రచురణకర్తలు సంగ్రహములు వేయునపుడు దీనిని వదలరాదు.

ఐశ్వర్యమును వాగ్దానముచేయు పుస్తకములనుగూర్చి ఎక్కువ వ్రాయుట స్థలవ్యయము. నమ్మినవానికి ధనము, ఆరోగ్యము తప్పక కలుగునని ఇవి చెప్పును. ఆర్డర్లు లేక షెడ్డు మూతపడిన నెలలో ఇట్టి పుస్తకమును విన్న బాలుడు తన తండ్రికి విశ్వాసము తక్కువనియే గదా తీర్మానించుకొనవలెను. తండ్రిని బిడ్డ యెదుట దోషిగా నిలువబెట్టు పుస్తకము ఎన్ని వాక్యములుదాహరించినను కుటుంబగ్రంథము కాజాలదు. అద్భుతవృత్తాంతముల విషయమున నేనింత కఠినుడను కాను. 1929లో టిబెట్టు దిక్కుగా వెళ్ళి మరల కానరాని సాధు సుందరసింగు జీవితము తెలుగు గృహములలో ప్రియమైనది. ఆయన చెప్పిన అద్భుతములు కొన్ని నిజమా కాదా యని 1920లలో ఐరోపాలో పెద్ద వాదము జరిగినది. ఫిస్టరు ఆక్షేపింపగా హైలరు సమర్థించెను. ఈ వాదము జరిగినదని పెద్దపిల్లలకు చెప్పుటవలన ఆ సాధువునకు వచ్చు లోటు లేదు. ఆయన చిన్న దృష్టాంతకథలు వాదమునకు అందనివి. పది నిమిషములలో ముగియునవి గనుక షిఫ్టు ఇండ్లకు మిక్కిలి అనుకూలములు.

ఇప్పుడు అసలైన చిక్కునకు వచ్చుచున్నాను. 'క్రైస్తవ గ్రంథ' మనగా నేది? గుఱ్ఱము జాషువ (1895–1971) వినుకొండలో క్రైస్తవగృహమున జన్మించిన మహాకవి. యౌవనమున ఆయన రుక్మిణీ కల్యాణము మొదలైన పురాణేతివృత్తములను చేపట్టినందుకు స్వమతస్థులలో కొందరు ఆయనను దూరముంచిరి. కులమును బట్టి వెలుపలివారు దూరముంచిరి. ఒక తట్టున వారు, ఒక తట్టున వీరు. ఏది చదువదగును, ఏది వ్రాయదగును అని నిర్ణయించు పెద్దరికము ఒక కవిని ఇంటివెలుపల నిలువబెట్టిన సందర్భమిది. ఆ కవియే తరువాత క్రీస్తు చరిత్ర రచింపగా, 1964లో దానికి సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. పెద్దలు తొలుత వేసిన గడియ ఎంత పొరపాటైనదో ఆ పురస్కారము వేరుగ చెప్పనక్కరలేదు.

క్రీస్తు చరిత్రను కుటుంబమునకు సూచించుట సులభము. అది పద్యకావ్యము, చదువుటకంటె పాడుటకు తగినది, పద్యము రాగముతో విన్నవానికి అర్థము సగము చెవిద్వారముననే చేరును. కాని నేను గబ్బిలమును కూడ సూచించెదను. 1941లో వెలువడిన ఈ కావ్యమున దేవాలయప్రవేశము లేని పంచముడొకడు, ఆలయములోనికి స్వేచ్ఛగా పోగల గబ్బిలముచేత కాశీనాథునకు తన మొర పంపును. "ఇందు క్రీస్తు ఎక్కడ?" అని ఒక సంఘపెద్ద నన్ను ప్రశ్నించిరి. ప్రశ్న న్యాయమైనదే. మొర యాలకించు దేవుడు శివుడుగా నుండుటచే ఇది క్రైస్తవ గ్రంథము కాదని వారి వాదము. పేరును బట్టి చూచిన వారిదే గెలుపు. గడపదాటనీయని మనుష్యుని దేవుడు చూచునా అనునది కావ్యములోని ప్రశ్న. సువార్తలలో కుష్ఠరోగియు సమరయ స్త్రీయు నిలిచిన చోటనే ఈ పంచముడును నిలిచియున్నాడు. పీణ్యకు వచ్చిన కుటుంబములలో పెక్కింటికి ఆ గడప పుస్తకములోని గడప కాదు, తాతలు నిలిచిన గడప. తాతలకు జరిగినది పిల్లలకు చెప్పు మాటలు దొరకక మౌనముగా నుండు ఇండ్లను నేనెరుగుదును. ఆ మౌనమును మర్యాదగా విప్పగల గ్రంథము తెలుగున ఇంతకు మించినది నాకు కనబడలేదు. అయితే గబ్బిలము పసిపిల్లలకు కాదు. పదునాలుగు పదునైదేండ్లవారికి, పెద్దలు ప్రక్కనుండి అర్థము చెప్పుచు, దినమునకు నాలుగైదు పద్యముల చొప్పున చదువవలెను. దీనివలన మతము మారునని భయపడువారు తమ విశ్వాసమును తక్కువగా తూచుకొనుచున్నారు.

ఇదే త్రోవలో టాల్‌స్టాయి 1885లో వ్రాసిన చిన్నకథ, ప్రేమయున్న చోట దేవుడున్నాడని చెప్పునది, తెలుగువానికి ప్రత్యేకార్థము నిచ్చును. కథానాయకుడు మార్టిన్ చెప్పులు కుట్టువాడు. నేలమాళిగ కిటికీనుండి అతనికి నడచిపోవువారి పాదములు, తాను కుట్టిన బూట్లు మాత్రమే కనబడును. ప్రభువు వచ్చునని ఎదురుచూచిన దినమున మంచు ఊడ్చు ముసలివాడు, చంటిబిడ్డతో చలికి వణకు స్త్రీ, పండ్లమ్ము ముసలిదియు ఆమె బుట్టనుండి పండు దొంగిలించిన బాలుడును వత్తురు. రష్యాలో చెప్పులు కుట్టుట ఒక వృత్తి. మన దేశమున అది వెలివాడ గురుతు. కావున రష్యను పాఠకునకు కేవలము వినయకథగా తోచునది, మనకు అంతకంటె లోతుగ తగులును. రెండు సాయంకాలములలో ముగియు ఈ కథను జాషువకు ముందు చదివినచో గబ్బిలమునకు దారి ఏర్పడును.

తుదకు భాష. పండిత రమాబాయి (1858–1922) నేటి కర్ణాటక సీమలో జన్మించిన విదుషి. సంస్కృతమున ఆమెతో సమానులు అరుదు. అట్టి యామె జీవితపు తుదిభాగమును, సామాన్యస్త్రీలకు తెలియు సరళమైన మరాఠీలోనికి బైబిలును అనువదించుటకు వినియోగించినది. ఆమె ఆశ్రమములోని స్త్రీలే అక్షరములు కూర్చి అచ్చువేసిరి. పాండిత్యము గలవారే సరళముగా వ్రాయుటకు తగినవారని నా తాత్పర్యము. తెలుగునను వాడుకభాషలో బైబిలు అనువాదములు వెలువడినవి. భారత బైబిలు సొసైటీ ప్రధాన కార్యాలయము బెంగుళూరు మహాత్మాగాంధీ రోడ్డులోనే యున్నది గనుక పీణ్యవారికి తెలుగు ప్రతి కొనుటకు ఊరు దాటవలసిన పని లేదు. పాత అనువాదము ఇంటిలో ఉండవలెనా, క్రొత్తదా అని వివాదపడు కుటుంబములకు నా సలహా యొక్కటే. కీర్తనల గ్రంథమును పాతదానిలో చదువుడు, సువార్తలను పత్రికలను క్రొత్తదానిలో చదువుడు. మొదటిది పాటయై బ్రతికియున్నది. రెండవది అర్థము కావలసినది.

పిల్లలకు తెలుగు లిపి రాదను మాటను నేను పెద్ద అడ్డంకిగా తలపను. కన్నడము చదువగల బిడ్డకు తెలుగు లిపి సగము వచ్చినట్లే. రెండును ఒకే వ్రాతనుండి చీలిన తోబుట్టువులు. తలకట్టు రూపము, కొన్ని అక్షరముల వంపు తెలిసికొన్నచో చాలును. బళ్ళారి తెలుగు కన్నడములు రెండును వాడుకలోనున్న సీమ. 1835లో తెలుగున తొలి పత్రికలలో నొకటియైన సత్యదూత అచటి క్రైస్తవుల పూనికతోనే వెలువడినది. పీణ్యలో ఏడవ తరగతి చదువు బాలిక యొకతె నాయనమ్మ కీర్తనల పుస్తకమునుండి తనకు నచ్చినవానిని నోటుపుస్తకములో ఎక్కించుకొన్నది. మొదటి రెండు కీర్తనలు కన్నడలిపిలోనున్నవి. మూడవదానిలో పల్లవి కన్నడము, చరణములు తెలుగు. నాల్గవదానినుండి అంతయు తెలుగే. 'శ'కారము మాత్రము ఇప్పటికిని కన్నడపు వంపుతోనే వ్రాయుచున్నది.